ఎనిమిది మంది, ఐదు స్కాచ్‌లు, తలకు 15 పౌండ్లు: ఇంట్లో మొదటి టేస్టింగ్ పెట్టుకునే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎడిన్‌బరోలో ఎనిమిది మంది స్నేహితులున్నారు. ఒకరు అసలు తాగరు. మిగతా ఏడుగురికీ విస్కీ అంటే ఇన్నాళ్లూ సోడా, ఐసు, పక్కన మంచింగ్. స్కాట్లండ్‌లో ఇన్నేళ్లుండి స్కాచ్ రుచేమిటో తెలుసుకోకుండా వెళ్లిపోతామేమో అనిపించి, ఒక శనివారం ఇంట్లోనే టేస్టింగ్ పెట్టుకుందామనుకున్నారు. తలకు 15 పౌండ్లు దాటకూడదు. ఎన్ని కొనాలి, ఏవి కొనాలి, ఎలా నడపాలి?

నేను గ్లాస్గోలో పదమూడేళ్లుగా ఉంటున్నాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు మా ఇంట్లో టేస్టింగ్ పెడతాను, వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి వచ్చే మనవాళ్లే. ఆ అనుభవంతో చెబుతున్నాను, 15 పౌండ్లు బాగా సరిపోతాయి. ఇంకా మిగిలితే రాత్రి బిర్యానీకి వేసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. విస్కీ రుచి ఒక గ్లాసుతో తెలియదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూస్తేనే తెలుస్తుంది. ఎంత ఖరీదైన సీసా అయినా ఒక్కటే పోసి చేతికిస్తే కొత్తవాళ్లు "ఘాటుగా ఉంది" అని మాత్రమే అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. అదే మనిషి ముందు రెండు మామూలు స్కాచ్‌లు పెట్టండి. "ఇది తేనెలా ఉంది, అది కిస్మిస్‌లా ఉంది" అని తనే అంటాడు. అందుకే డబ్బు పెట్టాల్సింది పేరు మీద కాదు, తేడా మీద. నేను కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇది నాకు మొదట్లో తెలియలేదు. నా మొదటి టేస్టింగ్‌లో తొమ్మిది ఫుల్ బాటిళ్లు పెట్టాను. ఒక్కోదాంట్లోంచి తలకు 30 ఎంఎల్ పోశాను. లెక్క వేస్తే మనిషికి 270, అంటే మన లెక్కలో క్వార్టర్‌న్నర. పైగా పొగ వాసన గట్టిగా ఉన్నదాన్నే మొట్టమొదట పోశాను. దాని తరువాత వచ్చిన సున్నితమైన వాటిలో ఎవరికీ ఏమీ తెలియలేదు. నాలుగో సీసాకి మాటలు పెరిగాయి, ఆరోదానికి ఎవరి చేతిలో ఏముందో ఎవరూ పట్టించుకోవడం లేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే ఒక్కరికీ ఒక్క రుచి కూడా గుర్తులేదు. ఆ రాత్రి ఒకరికి బాగా ఇబ్బంది కూడా అయింది. అప్పటినుంచి ఐదు దాటించను, ఒక్కోటి 15 ఎంఎల్ దాటించను.

ఇక లెక్కకొద్దాం. 5 సీఎల్ చిన్న సీసాలు, ఇక్కడ మినియేచర్లంటారు, ఒక్కోదానిలో 50 ఎంఎల్ ఉంటుంది. ఒక్కో రకానికి రెండు తీసుకుంటే 100. ఏడుగురికి 13 చొప్పున, తాగని మీ స్నేహితుడికి వాసన చూడ్డానికి 5 పోస్తే 96 అవుతుంది. ఐదు రకాలకు పది చిన్న సీసాలు. ఇవి రకాన్ని బట్టి ఒక్కోటి సుమారు నాలుగు నుంచి ఏడు పౌండ్ల దాకా ఉంటాయి కాబట్టి మొత్తం 50-60 పౌండ్లు, ఎనిమిది మందికీ పంచితే తలకు ఆరు నుంచి ఏడున్నర. మామూలు బ్లెండ్లకైతే, అంటే రకరకాల విస్కీలు కలిపి చేసినవాటికైతే, సూపర్‌మార్కెట్లో 20 సీఎల్ సీసా దొరుకుతుంది, రెండు మినియేచర్ల కంటే అది చవక.

అవే ఐదు రకాలు 70 సీఎల్ ఫుల్ బాటిళ్లలో కొంటే 170 పౌండ్లకు పైనే అవుతుంది, టేస్టింగ్ అయ్యాక ఒక్కోదానిలో 600 ఎంఎల్ మిగిలిపోతుంది. ఐదుగురు తలా ఒకటి కొనుక్కొచ్చి, మిగిలింది ఎవరిది వారు ఇంటికి తీసుకెళ్లే పద్ధతి మంచిదే. కానీ అది రెండోసారికి పనికొస్తుంది. ఎవరికి ఏది నచ్చుతుందో తెలియకముందే 40 పౌండ్లు పెట్టించడం నాకు ఇష్టం ఉండదు. పొగ విస్కీ నచ్చనివాళ్ల ఇంట్లో ఆ సీసా ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది.

స్కాట్లండ్‌లో ఉన్నారు కాబట్టి కొనుగోలు సంగతులు మూడు గుర్తుంచుకోండి. ఇక్కడ మద్యానికి కనీస ధర ఉంది. 2018 మేలో యూనిట్‌కు (యూనిట్ అంటే 10 ఎంఎల్ అసలు ఆల్కహాల్) 50 పెన్నీలతో మొదలై, 2024 సెప్టెంబరు 30 నుంచి 65 పెన్నీలైంది. 40 శాతం ఆల్కహాల్ ఉన్న 70 సీఎల్ సీసాలో 28 యూనిట్లుంటాయి, అంటే ఏ షాపులోనూ 18 పౌండ్ల 20 పెన్నీల కంటే తక్కువకు రాదు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ చుట్టాలు చెప్పే చవక ధరల కోసం ఇక్కడ వెతికి టైం వృథా చేసుకోకండి. "మూడు కొంటే తగ్గింపు" లాంటివి కూడా ఇక్కడ మద్యం మీద ఉండవు. షాపుల్లో అమ్మేది ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకే, కాబట్టి ముందురోజే తెచ్చిపెట్టుకోండి. ఇంకోటి, స్నేహితులు ఖర్చు పంచుకోవడం వేరు, తెలియనివాళ్లకు టికెట్ పెట్టి పోయడం వేరు. రెండోదానికి లైసెన్సు కావాలి, అటువైపు వెళ్లకండి.

ఏవి కొనాలి? కొత్తవాళ్లకు నేను పెట్టే వరుస ఇది. మొదటి జతలో ఫేమస్ గ్రౌస్ లాంటి బ్లెండ్ ఒకటి, గ్లెన్‌లివెట్ 12 గానీ గ్లెన్‌ఫిడిక్ 12 గానీ ఒకటి. రెండో జత గ్లెన్‌మోరంజీ ఒరిజినల్, గ్లెన్‌ఫార్‌క్లస్ 10. చివరగా ఒక్కటే, లఫ్రోయిగ్ 10. ఇవే కావాలని పట్టుపట్టక్కర్లేదు, షాపులో ఉన్నదాన్ని బట్టి మార్చుకోవచ్చు. కానీ వరుస వెనక ఉన్న కారణం మాత్రం మారకూడదు.

మొదటి జతతో తెలిసేది బ్లెండ్‌కీ సింగిల్ మాల్ట్‌కీ ఉన్న తేడా. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో మాత్రమే, ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీల్లో తీసింది. బ్లెండ్‌లో అలాంటి మాల్టులతో పాటు గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో తీసిన తేలికపాటి గ్రెయిన్ విస్కీ కూడా కలుస్తుంది. రెండూ స్కాచే. స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు నిలవ ఉండాలి, 40 శాతానికి తగ్గకూడదు, నీళ్లూ రంగు కోసం కేరమెలూ తప్ప ఇంకేం కలపకూడదు. 2009 నిబంధనల్లో ఇదంతా స్పష్టంగా ఉంది. మన దగ్గర మామూలుగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం మొలాసిస్ స్పిరిట్. ఇక్కడి చట్టం ప్రకారం ధాన్యంతో తీసిందే విస్కీ. ఇన్నాళ్లూ అలవాటైన రుచికీ దీనికీ పోలిక ఎందుకు కుదరడం లేదని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

రెండో జతే నా దృష్టిలో ఆ సాయంత్రానికి ప్రాణం. గ్లెన్‌మోరంజీ పెరిగేది బోర్బన్ అనే అమెరికా విస్కీ పెట్టిన పీపాల్లో. అక్కడి చట్టం ప్రకారం బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలి, కాబట్టి ఒకసారి వాడిన పీపాలు వాళ్లకు అక్కరకు రావు. అవి ఓడలెక్కి ఇటొస్తాయి. ఆ ఓక్ నుంచి వెనిలా వాసన, పచ్చికొబ్బరి వాసన వస్తాయి. గ్లెన్‌ఫార్‌క్లస్ పెరిగేది షెర్రీ అనే స్పెయిన్ వైన్ పెట్టిన పీపాల్లో. అందులో కిస్మిస్, ఎండు ఖర్జూరం, కొంచెం లవంగం. రెండూ బార్లీయే, రెండూ రాగి బట్టీలోంచి వచ్చినవే. పీపా ఒక్కటి మారితే రుచి ఇంత మారుతుందా అని ప్రతిసారీ ఎవరో ఒకరు గ్లాసులు రెండూ ఎత్తి పట్టుకుని చూస్తారు. అప్పుడు రంగు గురించి కూడా చెప్పండి. కేరమెల్ కలపడానికి అనుమతి ఉంది కాబట్టి ముదురు రంగు చూసి పాతదనో మంచిదనో అనుకోకూడదు. సీసా మీద 12 అని ఉంటే అందులో అన్నిటికంటే చిన్న వయసున్న విస్కీకి 12 ఏళ్లు అని అర్థం. బ్లెండ్‌కైనా అదే లెక్క.

చివరిదైన లఫ్రోయిగ్‌తో తెలిసేది పీట్ పొగ. పీట్ అంటే బురద నేలల్లో మొక్కలు వేల ఏళ్లు కుళ్లి గట్టిపడితే వచ్చే మట్టి. దాన్ని కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగ మీద తడి బార్లీని ఆరబెడతారు. ఐలా దీవిలో కట్టెలు కరువు, పీట్ పుష్కలం, అలా మొదలైన అలవాటు. ఆ పొగ గింజలోకి ఎక్కి, బట్టీ దాటి, పదేళ్ల పీపా దాటి మీ గ్లాసులోకి వస్తుంది. అందుకే దీన్ని చివర్లో తప్ప ఎక్కడా పెట్టకూడదు. తరువాత తాగేదేదైనా పొగలాగే ఉంటుంది.

చాలామంది ప్రాంతాల వారీగా పెడతారు: స్పేసైడ్ ఒకటి, హైలాండ్ ఒకటి, లోలాండ్ ఒకటి, ఐలా ఒకటి అని. మొదటిసారికి అది నేను వద్దంటాను. ప్రాంతానికో రుచి ఉంటుందని చెప్పి పంపిస్తే తరువాత షాపులో మోసపోతారు. ఐలాలోనే ఉన్న బునహావన్ 12లో పొగ దాదాపు ఉండదు. హైలాండ్‌లో ఉన్న ఆర్డ్‌మోర్ పొగతోనే ఉంటుంది. మా ఊరి దగ్గరున్న గ్లెన్‌గోయన్‌లో బట్టీలు హైలాండ్‌లో ఉంటే, రోడ్డు దాటి అవతలున్న గోదాములు లోలాండ్ కిందికి వస్తాయి. ఊరి పేరు కంటే పీపా, పొగ, ఈ రెండూ అడగడం నేర్చుకుంటే చాలు.

గ్లాసుల కోసం డబ్బు పెట్టకండి. పైన మూతి సన్నగా, కింద పొట్ట ఉన్నదేదైనా చాలు, చిన్న వైన్ గ్లాసు బాగా పనికొస్తుంది. చారిటీ షాపుల్లో పాత షెర్రీ గ్లాసులు కనిపిస్తే వదలకండి. మనిషికి ఐదు అక్కర్లేదు, రెండు చాలు: జత పూర్తయ్యాక మంచినీళ్లతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. రెండో జత తరువాత మాత్రం లఫ్రోయిగ్ కోసం ఒక్కటే కడిగి, షెర్రీ పీపాదాన్ని అలాగే ఉంచండి. సబ్బు వాసన మిగలకుండా ముందే చూసుకోండి, బీరువాలో చాన్నాళ్లున్న గ్లాసులకు చెక్క వాసన పడుతుంది. కొలతకు ఒక టేబుల్ స్పూన్ అంటే 15 ఎంఎల్, కాస్త వెలితిగా పోస్తే మన 13; అంతకంటే సాధనం ఏమీ వద్దు.

ఇక దీనికి పైసా ఖర్చు లేదు, నేను ఎప్పుడూ మానను. వంటింట్లోంచి చిన్న చిన్న గిన్నెలు తెచ్చి బల్ల మధ్యలో పెట్టండి. ఒకదాంట్లో నాలుగు లవంగాలు దంచి, ఒకదాంట్లో పచ్చికొబ్బరి కోరు, ఒకదాంట్లో కిస్మిస్, ఒకదాంట్లో తేనె, ఒకదాంట్లో యాపిల్ ముక్కలు, దొరికితే మామిడి తాండ్ర, బెల్లం, రెండు చుక్కల వెనిలా. విస్కీ వాసన చూసి ఏదో తెలిసినట్టే ఉంది కానీ పేరు నోటికి రావడం లేదు అన్నప్పుడు ఆ గిన్నెలు ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ఇది ఆటలా అనిపిస్తుంది గానీ ఉత్తి ఊహ కాదు. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్ ఓక్ చెక్కలోనూ ఉంటుంది, వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్ కూడా ఓక్ నుంచే దిగుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో రాసే హెదర్ పూలు, టాఫీ, మార్జిపాన్ మనవాళ్లలో చాలామంది చిన్నప్పుడు చూసినవి కావు. ఆ మాటలు బట్టీ పట్టక్కర్లేదు.

ఒకసారి స్నేహితుడి నాన్నగారు మనవడిని చూసుకోవడానికి బాపట్ల నుంచి వచ్చి, మా టేస్టింగ్‌లో కూర్చున్నారు. ఆయన తాగరు. లఫ్రోయిగ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. "రేవులో ఎండుచేపలు ఆరబెట్టారు బాబూ, పక్కనెవరో కొబ్బరి డొక్కలు కాలుస్తున్నారు" అన్నారు. మళ్లీ ఒకసారి చూసి, "లోపల టించరు కూడా ఉంది" అన్నారు. నేను ఆ విస్కీ గురించి చదివిన వర్ణనలన్నిటికంటే ఆ రెండు మాటలే సరిగ్గా ఉన్నాయి. సముద్రం, పొగ, అయోడిన్, మూడూ పట్టేశారు. అందుకే మీ తాగని స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇవ్వకండి. అతనికీ ఐదు రకాలూ పోసి ఇవ్వండి, వాసనలు రాయించండి. విస్కీ కలిపే బ్లెండర్లు కూడా పనిలో ఎక్కువగా ముక్కునే నమ్ముకుంటారు, రోజంతా తాగుతూ కూర్చోరు.

ఆ రోజు ఇంట్లో రెండు జాగ్రత్తలు. సాయంత్రం అగరబత్తి వెలిగించకండి, సెంటు కొట్టుకుని రావద్దని అందరికీ ముందే మెసేజ్ పెట్టండి. తాలింపు, అల్లంవెల్లుల్లి వేపుడు మధ్యాహ్నంలోపే ముగించి కిటికీలు తెరిచిపెట్టండి. ఇక్కడి ఫ్లాట్లలో ఆ వాసన గంటలతరబడి పోదు. ఖాళీ కడుపుతో ఎవరూ కూర్చోకూడదు, కానీ కారం తిని కూర్చుంటే నాలుక పనిచేయదు. నేనైతే ఐదు గంటలకు అందరికీ పెరుగన్నం పెడతాను, ఊరగాయ లేకుండా. ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకు పూర్తిచేసి, అప్పుడు బిర్యానీ దించుతాను. మధ్యలో నోటికి ఉప్పులేని బ్రెడ్డో ఓట్‌కేకో, బోలెడు మంచినీళ్లు. చికెన్ 65, మిర్చి బజ్జీ అన్నీ టేస్టింగ్ తరువాతే.

పోసేటప్పుడు సీసాలకు మేజోళ్లు తొడిగి, మీద అంకె అంటించండి. పేరు కనబడితే ఎవరూ నిజం చెప్పరు, ఖరీదైనదే బాగుందంటారు. గ్లాసు మొదట గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా పైకి తేవాలి. ఒక్కసారిగా ముక్కు లోపల పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. మొదటి గుటక లెక్కలోకి తీసుకోవద్దు, అది నాలుకను సిద్ధం చేయడానికే. రెండో గుటక నోట్లో నాలుగైదు సెకన్లు తిప్పి మింగాక గొంతులో ఏం మిగిలిందో చూడాలి. ఆ తరువాత నీళ్లు. చెంచాతో కొద్దిగా పోసి మళ్లీ వాసన చూడమనండి, చాలాసార్లు అప్పుడే పళ్ల వాసన బయటికొస్తుంది. బ్లెండర్లు ఆల్కహాల్ 20 శాతానికి దిగేదాకా పలుచన చేసి చూస్తారు, అంటే విస్కీ ఎంతో నీళ్లూ అంతే. కాబట్టి నీళ్లు కలిపితే చెడిపోతుందనే మాట నమ్మకండి. ఐసు మాత్రం ఆ గంటన్నరా వద్దు, చల్లబడితే వాసన లేవదు. టేస్టింగ్ అయ్యాక మిగిలినదాంట్లో సోడా పోసుకుంటామంటే హాయిగా పోసుకోనివ్వండి, అందులో చిన్నతనమేం లేదు.

ఒక నియమం కచ్చితంగా పెట్టండి: మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, కాగితం మీద రాయాలి. వాసన, నోట్లో, మింగాక, మూడు గడులు చాలు. ఎవరో ఒకరు గట్టిగా "పైనాపిల్!" అన్నారంటే ఇక అందరికీ పైనాపిలే కనిపిస్తుంది. రాసుకున్నాక చదివించండి, అప్పుడు మేజోళ్లు తీయండి. మా ఇంట్లో ఎక్కువసార్లు ఆ మామూలు బ్లెండ్ ఎవరో ఒకరికి మొదటి స్థానంలో వస్తుంది. అలా వచ్చినవాళ్లకు నేను చెప్పేది, మీ నాలుక చెప్పింది నమ్మండి, ఆ డబ్బు మిగిలింది అని.

పైన చెప్పిన కొలతలో మనిషికి అయ్యేది 65 ఎంఎల్, రెండున్నర యూనిట్ల పైచిలుకు, మన లార్జ్ పెగ్గు కంటే కాస్త ఎక్కువ. తక్కువే అనిపిస్తుంది, కానీ స్కాట్లండ్‌లో డ్రైవింగ్ పరిమితి 2014 డిసెంబరు నుంచి వంద ఎంఎల్ రక్తానికి 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో 80. కాబట్టి తాగిన ఏ ఒక్కరూ కారు తీయకూడదు, "కొంచెమే కదా" అన్నా వినకండి. బస్సు టైములు ముందే చూసుకోండి. ఉమ్మేయడానికి ఒక కప్పు కూడా అందుబాటులో పెట్టండి, వాడేవాళ్లను ఎవరూ ఏమీ అనకూడదు.

నచ్చిన రకం తేలాక రెండోసారికి ఆ దారిలోనే వెళ్లండి. షెర్రీ నచ్చినవాళ్లుంటే మూడు షెర్రీ పీపాలవి, పొగ నచ్చితే మూడు పొగవి. అప్పుడు రాయల్ మైల్ మీద కానన్‌గేట్‌లో ఉన్న కేడెన్‌హెడ్ షాపుకి వెళ్లి మీ కాగితాలు చూపించి అడగొచ్చు, 1842 నుంచి ఉన్న ఇండిపెండెంట్ బాట్లర్ వాళ్లు, అంటే డిస్టిలరీల దగ్గర పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో నింపి అమ్మేవాళ్లు. స్కాచ్‌తో పాటు మనదాన్నీ పోల్చాలనిపిస్తే బెంగళూరు అమృత్ ఒకటి మేజోడు తొడిగి మధ్యలో పెట్టండి. ఆ సింగిల్ మాల్ట్‌ని 2004లో మొదట విడుదల చేసింది ఇక్కడ గ్లాస్గోలోనే.

ఆ రాత్రి గ్లాసులు కడగకండి. అలాగే బల్ల మీద వదిలేసి పడుకోండి. పొద్దున్నే లేచి ఖాళీ గ్లాసులు ఒక్కోటీ వాసన చూడండి. స్పిరిట్ అంతా ఎగిరిపోయి ఉంటుంది. షెర్రీ పీపాదాంట్లో బెల్లం పాకం, లఫ్రోయిగ్‌దాంట్లో చల్లారిన పొయ్యి బూడిద. మీ కాగితాల మీద రాత్రి ఎవరేం రాశారో అప్పుడు మళ్లీ చదవండి.